రాయమన్న ఉత్తరం, ఆపమన్న ఉత్తరం

2003 మే నెలలో నైజీరియాలోని లేగోస్ నుంచి ఒక బహిరంగ లేఖ బయల్దేరింది. బావోబాబ్ అనే మహిళా హక్కుల సంస్థ తరఫున ఆయేషా ఇమామ్, సిండీ మెడార్-గూల్డ్ రాసిన లేఖ అది. రాళ్ళతో కొట్టి చంపాలన్న శిక్ష పడిన అమీనా లావల్‌ను కాపాడమంటూ ప్రపంచం నలుమూలల నుంచీ నైజీరియాకు ఉత్తరాలు వచ్చిపడుతున్న రోజులు. దయచేసి ఆ ఉత్తరాలు ఆపండి అని ఈ ఇద్దరూ వేడుకున్నారు. దానికి ఏడాది ముందు, 2002లో, న్యూయార్క్‌లోని ఈక్వాలిటీ నౌ అనే సంస్థ తన మద్దతుదారులకు ఇంకో విజ్ఞప్తి పంపింది. ఇథియోపియాలో పదమూడేళ్ళ పిల్లను ఒకడు ఎత్తుకెళ్ళి, చెరిచి, పెళ్ళి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. అలాంటివాడు తప్పించుకోవడానికి అక్కడి చట్టమే దారి చూపిస్తోంది, ఆ చట్టం మార్చమని ఇథియోపియా ప్రభుత్వానికి రాయండి అని ఆ విజ్ఞప్తి.

రెండూ ఆడవాళ్ళకు న్యాయం జరగాలని ఏళ్ళ తరబడి పనిచేసిన సంస్థలు రాసినవే. ఒకే ఖండం, ఇంచుమించు ఒకే కాలం. ఒకరు రాయమన్నారు, ఒకరు ఆపమన్నారు. అంతర్జాతీయ మద్దతు మంచిదా చెడ్డదా అని వాదించేవాళ్ళు ఈ రెండిట్లో తమకు పనికొచ్చేదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంటారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. పరాయి దేశం నుంచి వచ్చే ఉత్తరం, ఆ దేశంలో కేసు మోస్తున్న ఆడవాళ్ళు అడిగినప్పుడు, వాళ్ళు అడిగిన మాటే చెప్పినప్పుడు చట్టాన్ని కదిలిస్తుంది. వాళ్ళను దాటేసి ముందుకు ఉరికితే, ఎవరి కోసం రాశారో వాళ్ళ మీదే వచ్చి పడుతుంది.

అమీనా లావల్‌ది ఉత్తర నైజీరియాలోని కట్సినా రాష్ట్రం. 1999 చివర్లో జంఫారా రాష్ట్రం షరియా నేరచట్టాన్ని ప్రకటించాక, ఉత్తరాదిన మొత్తం పన్నెండు రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి అదే బాట పట్టాయి. అమీనాకు విడాకులయ్యాయి. ఆ తర్వాత బిడ్డ పుట్టింది. 2002 మార్చిలో బకోరిలోని షరియా కోర్టు ఆమెకు మరణశిక్ష వేసింది. బిడ్డకు తండ్రి అని ఆమె చెప్పిన మగవాడు తనకేమీ సంబంధం లేదని ఖురాన్ మీద ప్రమాణం చేసి బయటపడ్డాడు. ఆమె కడుపే ఆమె మీద సాక్ష్యమైంది. ఆ మొదటి విచారణలో ఆమె తరఫున మాట్లాడే లాయరు లేడు. అదే ఏడాది ఆగస్టు 19న ఫుంటువాలోని పై కోర్టు శిక్షను ఖాయం చేసి, బిడ్డ పాలు మానేదాకా, అంటే 2004 జనవరి దాకా, అమలును వాయిదా వేసింది.

అక్కడి నుంచి కేసు రెండు చోట్ల నడిచింది. ఒకటి, లాయర్ల చేతిలో, కట్సినా షరియా అప్పీలు కోర్టులో. రెండోది, ప్రపంచమంతా తిరుగుతున్న ఈమెయిళ్ళలో. నైజీరియా సుప్రీంకోర్టు శిక్షను ఖరారు చేసింది, జూన్ 3న చంపేస్తారు, వెంటనే సంతకం పెట్టి పదిమందికీ పంపండి అంటూ ఒక పిటిషన్ చేతులు మారింది. కేసు అసలు సుప్రీంకోర్టు గడపే తొక్కలేదు. రాష్ట్ర స్థాయి అప్పీలు కోర్టులోనే ఉంది. జూన్ 3 ఆ కోర్టు విచారణకు వేసిన వాయిదా తేదీ. వాయిదా తేదీ కాస్తా చావు తేదీ అయిపోయింది. సంతకం పెట్టిన లక్షలాది మందిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, ఆ కరుణను నేను చిన్నచూపు చూడను. కానీ తప్పుడు వివరాలున్న కాగితం ఎదుటి పక్షానికి ఆయుధం అవుతుందని కోర్టు మెట్లెక్కిన ఎవరికైనా తెలుసు. కేసు ఏ కోర్టులో ఉందో కూడా తెలియనివాళ్ళు మాకు నీతులు చెబుతున్నారని కట్సినాలో ఒక అధికారి అంటే, అమీనా లాయర్లు అతనికి ఏం జవాబు చెప్పగలరు?

బావోబాబ్ భయం వెనక ఒక పాత గాయం ఉంది. 2000 సెప్టెంబరులో జంఫారాలో పెళ్ళికాని ఒక టీనేజి అమ్మాయికి, గర్భవతి అయినందుకూ, తనతో ఉన్నారని ముగ్గురు మగవాళ్ళ పేర్లు చెప్పి రుజువు చేయలేకపోయినందుకూ కలిపి 180 కొరడా దెబ్బల శిక్ష వేశారు. ఆ తర్వాత దాన్ని 100కు తగ్గించారు. విదేశాల నుంచి నిరసన ఉత్తరాలు పోటెత్తాయి. అప్పీలు ప్రయత్నాలు ఇంకా నడుస్తుండగానే, చెప్పిన గడువు కంటే ముందే, 2001 జనవరి 19న ఆ పిల్లను కొరడాతో కొట్టారు. రాష్ట్ర గవర్నరు ఆ ఉత్తరాలను లెక్కచేయనని బాహాటంగా గొప్పలు చెప్పుకున్నాడు. ఓట్లు అడిగే మగవాడికి విదేశీయుల ముందు తలవంచలేదన్న పేరు కంటే లాభసాటి పేరు ఏముంటుంది? ఆ పేరు అతనికి ఉచితంగా వచ్చింది. దెబ్బలు పిల్ల ఒంటి మీద పడ్డాయి.

ఆపమన్న ఉత్తరాన్ని ఈ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. అందులో కోపం కంటే లెక్క ఎక్కువ. తాము, తమతో కలిసి పనిచేసే స్థానిక సంస్థలు చేపట్టిన అప్పీళ్ళలో అప్పటిదాకా ఒక్కటీ ఓడిపోలేదని వాళ్ళు రాశారు. అమీనా ప్రాణానికి ఆ క్షణంలో ముప్పు లేదనీ, అప్పీలు దారి ఇంకా తెరిచే ఉందనీ చెప్పారు. ఇస్లాంనూ ముస్లింలనూ కించపరిచే మాటలతో వచ్చే ఉత్తరాలు ఊళ్ళో ఛాందసులను రెచ్చగొడతాయనీ, ఆ కక్ష బాధితురాలి మీదా, ఆమెకు అండగా నిలిచినవాళ్ళ మీదా తీరుతుందనీ హెచ్చరించారు. సాయం వద్దని మాత్రం అనలేదు. ఉత్తరాలకు బదులు అప్పీళ్ళ ఖర్చుకు డబ్బు పంపమన్నారు, ఏ విషయమైనా ముందు స్థానిక సంస్థలను అడిగి సరిచూసుకోమన్నారు. అంతర్జాతీయ ఒత్తిడి పనికొచ్చే సమయం వస్తే తామే అడుగుతామన్నది వాళ్ళ వైఖరి. ఆ లేఖను ఉదహరించేవాళ్ళు చాలామంది ఈ చివరి భాగాన్ని మింగేసి, ఆఫ్రికా ఆడవాళ్ళే పరాయి జోక్యం వద్దన్నారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది ఆ లేఖకు చేసే అన్యాయం.

అమీనా కేసు నైజీరియాలో ఎంత నిప్పు మీద నడిచిందో తెలియాలంటే 2002 నవంబరు చూడాలి. అబూజాలో జరగాల్సిన ప్రపంచ సుందరి పోటీకి, అమీనా శిక్షకు నిరసనగా రాబోమని కొన్ని దేశాల పోటీదారులు ముందే ప్రకటించారు. ఆ పోటీ మీద ఒక దినపత్రికలో ప్రవక్తను ప్రస్తావిస్తూ వచ్చిన వ్యాసం అగ్గి రాజేసింది. కదూనా నగరంలో జరిగిన అల్లర్లలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. పోటీ లండన్‌కు తరలిపోయింది. అల్లర్లకు కారణం ఆ వ్యాసమే, అమీనా కోసం నిరసన తెలిపినవాళ్ళు కారు. కానీ అలాంటి గాలి వీస్తున్నచోట ఒక పేద గ్రామీణ స్త్రీ పేరును ప్రపంచమంతా జెండాలా ఎగరేస్తే, ఆ జెండా కర్ర పట్టుకుని నిలబడాల్సింది ఆమె లాయర్లే.

ఆ లాయర్లు ఏం చేశారో చూడాలి. హౌవా ఇబ్రహీం, అలియు మూసా యావూరి, వాళ్ళ సహచరులు ఐక్యరాజ్యసమితి ఒప్పందాలను కోర్టు బల్ల మీద గుద్దలేదు. షరియా గ్రంథాలు తెరిచి, ఆ న్యాయం లెక్క ప్రకారమే ఈ తీర్పు నిలవదని వాదించారు. మొదటి విచారణలో ముగ్గురు జడ్జీలు కూర్చోవాల్సిన చోట ఒక్కడే కూర్చున్నాడు. అమీనా నేరం ఒప్పుకుందన్నారు గానీ, తన మీద మోపిన నేరమేమిటో ఆమెకు సరిగా వివరించనేలేదు. ఒప్పుకోలును వెనక్కి తీసుకునే హక్కు ఎప్పుడైనా ఉంటుంది. విడాకులైన స్త్రీకి గర్భం వస్తే అది మాజీ భర్త వల్ల కూడా కావచ్చునని, గర్భం ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండవచ్చునని ఇస్లామీయ న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన మాలికీ ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. నేటి వైద్యం నవ్వే ఈ నమ్మకం వెనక ఒక దయ ఉంది. విడాకులైన ఆడదాని మీద వేలెత్తి చూపే ముందు వందసార్లు ఆలోచించమని పాత న్యాయవేత్తలు వేసిన కట్టడి అది. 2003 సెప్టెంబరు 25న కట్సినా అప్పీలు కోర్టులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు ఆమె పక్షాన నిలిచారు. శిక్ష కొట్టేశారు. అంతకు ముందు సొకోటోలో సఫియా హుస్సేని కేసూ ఇలాగే గెలిచింది. నేరం జరిగిందన్న సమయానికి షరియా నేరచట్టం ఇంకా అమల్లోకే రాలేదని అక్కడ తేల్చారు.

అమీనా గెలిచిన రోజున ఈమెయిల్ పిటిషన్లు నడిపినవాళ్ళు ఇది తమ విజయమన్నారు. కాదని నేను ఖండించలేను. ప్రపంచం చూస్తోందన్న స్పృహ నైజీరియా కేంద్ర ప్రభుత్వానికి ఉంది. జడ్జీలకు ఉండదని ఎలా అంటాం? కానీ తీర్పులో రాసిన కారణాలన్నీ లాయర్లు పుస్తకాల్లోంచి తవ్వి తీసినవి. ఆ కారణాల వల్లే తీర్పును ఊళ్ళో ఎవరూ విదేశీయులకు లొంగిపోవడమని కొట్టిపారేయలేకపోయారు. తర్వాత ఇంకో స్త్రీ మీద ఇలాంటి కేసు పడితే ఆమె లాయరుకు పనికొచ్చేవీ అవే కారణాలు. సంతకాల జాబితాను రెండోసారి కోర్టుకు తీసుకెళ్ళలేం.

ఇథియోపియా ఉత్తరం దగ్గరికి వెళ్ళేముందు మన ఇంటి మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పరాయి ఉత్తరం మనకూ ఒకప్పుడు వచ్చింది. 1927లో అమెరికన్ రచయిత్రి కాథరీన్ మేయో ‘మదర్ ఇండియా’ ప్రచురించింది. బాల్యవివాహాల వల్ల ఆడపిల్లలు పడే నరకం గురించి ఆమె రాసిన దాంట్లో నిజం ఉంది. కానీ ఆ నిజాన్ని, భారతీయులు తమను తాము పాలించుకోలేరని చెప్పడానికి వాడింది. దేశం భగ్గుమంది. గాంధీ దాన్ని మురుగు కాలవలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు నివేదికతో పోల్చారు. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే, 1897లో, గురజాడ ‘కన్యాశుల్కం’ పీఠికలో అదే నరకాన్ని అంకెలతో సహా మన ముందు పెట్టాడు. విజయనగరం మహారాజు తయారు చేయించిన జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో 1,034 కన్యాశుల్కం పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. మేయో రాసిన దేని కంటే ఈ అంకెలు తక్కువ భయంకరం కావు. అయినా గురజాడ మీద ఎవరూ దేశద్రోహి అన్న ముద్ర వేయలేదు, ఆయన నాటకాన్ని నెత్తిన పెట్టుకున్నాం. మేయో తర్వాత రెండేళ్ళకు, 1929లో, ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం వచ్చింది. దానికోసం గట్టిగా నిలబడిన భారతీయ స్త్రీల సంఘాలు ఒకవైపు మేయోను తిరస్కరిస్తూనే మరోవైపు చట్టం కావాలని పట్టుబట్టాయి. లేగోస్ నుంచి ఆ లేఖ రాసిన ఇద్దరు స్త్రీల మనసు మన తెలుగు పాఠకుడికి అర్థం కాకపోవడానికి కారణమే లేదు.

ఇక ఇథియోపియా. అక్కడ కొన్ని ప్రాంతాల్లో పిల్లను ఎత్తుకుపోయి చెరిచి, తర్వాత పెద్దలను పంపి పెళ్ళి కుదుర్చుకునే ఆచారం ఉండేది. 1957 నాటి శిక్షాస్మృతిలో 558వ అధికరణం దానికి తోడు నిలిచింది. ఎత్తుకెళ్ళినవాడు ఆ పిల్లను పెళ్ళి చేసుకుంటే వాడి మీద కేసు ఉండదు. ఇది ఆఫ్రికా చీకటి అనుకునేవాళ్ళకు ఒక మాట: ఇటలీ శిక్షాస్మృతిలో చెరిచినవాడిని పెళ్ళితో వదిలేసే అధికరణం 1981 దాకా ఉంది. మన చట్టంలో అలాంటి సెక్షన్ లేకపోయినా, పెద్దమనుషుల్లో పెట్టి పెళ్ళితో సరిపెట్టడం మన ఊళ్ళకు కొత్త కాదు. అత్యాచారం కేసులో రాజీకి తావే లేదని మన సుప్రీంకోర్టు 2015లో విడిగా చెప్పాల్సి వచ్చింది.

1996లో ఇథియోపియాలోని ఆర్సీ ప్రాంతంలో పద్నాలుగేళ్ళ బడిపిల్ల తనను ఎత్తుకెళ్ళినవాడిని అతని తుపాకీతోనే కాల్చి చంపింది. ఆమె మీద హత్య కేసు పెట్టారు. ఇథియోపియా మహిళా న్యాయవాదుల సంఘం ఆమె తరఫున వాదించి, ఆత్మరక్షణ కోసమే కాల్చిందని కోర్టుతో ఒప్పించి గెలిపించింది. 1995లో మెయజా అషెనాఫీ మొదలైనవాళ్ళు స్థాపించిన సంఘం అది. ఊళ్ళకు వెళ్ళి చట్టం చెప్పడం, ఫీజు లేకుండా కేసులు చేపట్టడం, పార్లమెంటు సభ్యులను కలవడం దాని రోజువారీ పని. 2000లో వచ్చిన కొత్త కుటుంబ చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసును పదిహేను నుంచి పద్దెనిమిదికి పెంచింది. శిక్షాస్మృతిని తిరగరాసే పనీ ప్రభుత్వం చేతిలో ఉంది. అంటే తలుపు సగం తెరిచే ఉంది, లోపల ఆడవాళ్ళు తోస్తున్నారు.

ఆ సమయంలో వెలువడింది న్యూయార్క్ ఉత్తరం. పదమూడేళ్ళ ఆ రెండో పిల్ల కథ దాని మధ్యలో ఉంది. ఆమె పేరు కేసు పత్రాల్లో ఉన్నా ఇక్కడ రాయడం లేదు, కారణం కింద తెలుస్తుంది. 2001లో ఆర్సీలోనే ఆమెను ఎత్తుకెళ్ళారు. పోలీసులు విడిపించారు. నిందితుడు బెయిలు మీద బయటికొచ్చి మళ్ళీ ఎత్తుకెళ్ళాడు. దాదాపు నెల రోజులు నిర్బంధించి, పెళ్ళి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆమె తప్పించుకుంది. అడిస్ అబాబాలో ఉన్న తండ్రి ఆమెకు అండగా నిలిచాడు. పరువు పోతుంది, పెళ్ళి చేసేద్దామని అనని ఆ తండ్రి ఈ మొత్తం కథలో నాకు చాలా ఇష్టమైన మనిషి.

అమీనా పిటిషన్‌నూ ఈ విజ్ఞప్తినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మొదటి చూపులోనే కనిపిస్తుంది. పిటిషన్ ఒక ప్రాణాన్ని భిక్ష అడిగింది, అదీ అడగకూడని చోట. విజ్ఞప్తి ఒక అధికరణాన్ని అంకెతో సహా చూపించి, దాన్ని తీసేసే అధికారం ఉన్నవాళ్ళ పదవులు రాసి, సరిగ్గా వాళ్ళకే రాయమంది. ఇథియోపియా రాజ్యాంగమే స్త్రీకి సమాన హక్కులు ఇచ్చిందని, ఈ అధికరణం మీ రాజ్యాంగానికే విరుద్ధమని గుర్తు చేసింది. మీ మతం, మీ జాతి, మీ సంస్కృతి అన్న మాట దానికి అవసరం పడలేదు. అన్నిటికీ మించి, అక్కడి మహిళా న్యాయవాదులు ఎప్పటి నుంచో అడుగుతున్నదే అదీ అడిగింది. కట్సినాలో లాయర్లను అడగకుండా వాళ్ళ కేసు మీదికి ఉత్తరాలు వచ్చాయి. అడిస్ అబాబాలో లాయర్ల వాదనకు ఉత్తరాలు బలం చేకూర్చాయి.

ఇంకో తేడా మామూలుగా ఎవరూ పట్టించుకోరు. ఆ సమయంలో షరియా నేరచట్టం ఉత్తర నైజీరియా గవర్నర్లకు రాజకీయ ఆస్తి. దాన్ని వదులుకోవడం వాళ్ళకు ఓటమి. 558వ అధికరణం ఇథియోపియాలో ఏ నాయకుడికీ ఆస్తి కాదు. అది పాత పుస్తకంలో మిగిలిపోయిన పేజీ, చింపేస్తే ఓట్లు పోవు. సిగ్గుపడే అవకాశం ఉన్నవాడికే ఉత్తరం సిగ్గు తెప్పిస్తుంది. మొండితనమే పెట్టుబడి అయినవాడికి అదే ఉత్తరం ఇంకాస్త పెట్టుబడి సమకూరుస్తుంది. కాబట్టి ఉద్యమకారులు ముందు అధ్యయనం చేయాల్సింది బాధితురాలి కష్టం కంటే ఎదుటివాడి లాభనష్టాలను. ఇది కఠినంగా వినిపిస్తుందని తెలుసు, అయినా నా తీర్పు ఇదే.

కొత్త శిక్షాస్మృతి 2005 మే 9న అమల్లోకి వచ్చింది. 587వ అధికరణం ఎత్తుకెళ్ళడానికి మూడు నుంచి పదేళ్ళ శిక్ష పెట్టింది. తర్వాత పెళ్ళి జరిగినా నేరం పోదని అందులోనే విడిగా రాసింది. ఉత్తరాలు గెలిచాయని న్యూయార్క్ చెప్పుకుంది. అమెరికాలో వచ్చిన పుస్తకాలూ ఆ కథే చెప్పాయి. ఆ గెలుపులో దశాబ్దం పాటు ఊళ్ళు తిరిగిన ఇథియోపియా లాయర్ల వాటా అన్నిటికంటే పెద్దది. 2001లో ఆ సంఘం పనిని ప్రభుత్వం కొంతకాలం ఆపించిన సంగతి కూడా ఆ గెలుపు ఖర్చులో రాసుకోవాలి.

చట్టం మారింది సరే, ఆ పిల్లకు ఏం జరిగింది? 2003 జులైలో కింది కోర్టు నిందితుడికి పదేళ్ళ శిక్ష వేసింది. అదే ఏడాది డిసెంబరులో పై కోర్టు, ఆమె ఇష్టపడే వెళ్ళిందని నిర్ధారించి అతన్ని వదిలేసింది. ఆ తర్వాత ఎక్కిన మెట్లన్నీ మూసుకుపోయాయి. 2007లో ఈక్వాలిటీ నౌ, ఇథియోపియా మహిళా న్యాయవాదుల సంఘం కలిసి గాంబియాలోని బంజుల్‌లో ఉన్న ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. 2015 నవంబరులో తీర్పు: ఇథియోపియా ప్రభుత్వం ఆమె హక్కులను కాపాడడంలో విఫలమైంది, 1,50,000 డాలర్లు పరిహారం చెల్లించాలి. పదమూడేళ్ళ పిల్లకు అప్పటికి ఇరవై ఏడేళ్ళు. ఇథియోపియా కథను విజయంగా చెప్పేవాళ్ళు ఈ పద్నాలుగేళ్ళను ఒక వాక్యంలో దాటేస్తారు. నైజీరియాలో ఉత్తరాలు తప్పుగా నడిచినా అమీనా పద్దెనిమిది నెలల్లో శిక్ష నుంచి బయటపడింది. ఇథియోపియాలో ఉత్తరాలు సరిగ్గా నడిచి దేశానికంతటికీ చట్టం మారింది, కానీ ఆ పిల్లను చెరిచినవాడు స్వేచ్ఛగా తిరిగాడు. ఏది గెలుపు అని ఎవరైనా అడిగితే, చట్టం మార్పునే నేను ఎంచుకుంటాను. కానీ ఆ పిల్ల ముందు నిలబడి ఆ మాట అనగలనా అంటే, అనలేను.

పేర్లు రాయకపోవడానికి కారణం ఇప్పుడు చెబుతాను. 1996 నాటి మొదటి పిల్ల కథతో 2014లో ‘దిఫ్రెత్’ అనే అమ్హారిక్ సినిమా వచ్చింది. దర్శకుడు జెరెసెనాయ్ బెర్హానే మెహారి. ఏంజెలీనా జోలీ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసరు. సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి గెలిచింది. ఆ సెప్టెంబరులో అడిస్ అబాబాలో మొదటి ప్రదర్శన మొదలయ్యే సమయానికి కోర్టు ఉత్తర్వుతో ఆపేశారు. తన జీవితాన్ని తన అనుమతి లేకుండా వాడుకున్నారని కోర్టుకెళ్ళింది, ఆనాటి ఆ పిల్లే. సినిమా తీసినవాళ్ళు మంచి ఉద్దేశంతో తీశారు, ఆడపిల్లల వైపు నిలబడ్డ సినిమా అది. అయినా తుపాకీ పట్టి తనను కాపాడుకున్న మనిషిని ఒక మాట అడగాలని వాళ్ళకు తోచి ఉండాల్సింది. అమీనాకు తెలియకుండా ఆమె పేరు లక్షల ఈమెయిళ్ళలో తిరగడమూ, ఈ సినిమా కథా ఒకే జబ్బు లక్షణాలు. ఈ విషయంలో రెండు దేశాల కథలకూ తేడా లేదు. బాధితురాలి కోసం పోరాడేవాళ్ళు ఆమె కథ తమ సొత్తు అనుకోవడం రెండు చోట్లా జరిగింది.

విదేశీ మద్దతును ప్రభుత్వాలు ఎలా వాడుకుంటాయో కూడా ఇథియోపియాయే చూపించింది. బయటి దేశాల నుంచి పది శాతానికి మించి నిధులు తెచ్చుకునే సంస్థలు హక్కుల పని చేయకూడదని 2009లో అక్కడ చట్టం చేశారు. మహిళా న్యాయవాదుల సంఘం ఖాతాలు స్తంభించాయి, సిబ్బంది చాలావరకు వెళ్ళిపోయారు, ఉచిత న్యాయసహాయం కుదించుకుపోయింది. ఆ చట్టాన్ని 2019లో మార్చారు. అంతకు కొన్ని నెలల ముందు, 2018 నవంబరులో, మెయజా అషెనాఫీ ఆ దేశపు సుప్రీంకోర్టు అధ్యక్షురాలయ్యారు. నైజీరియా లాయరు హౌవా ఇబ్రహీంకు 2005లో యూరోపియన్ పార్లమెంటు సఖరోవ్ బహుమతి ఇచ్చింది. ఈ ఇద్దరినీ ప్రపంచం కేసులు గెలిచాక గుర్తించింది. కేసు నడుస్తున్నప్పుడు వాళ్ళకు కావాల్సింది కోర్టు ఫీజులు, దారి ఖర్చులు, సాక్షులకు రక్షణ.

ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం పెట్టడం ఇప్పుడు సెకను పని. హైదరాబాద్‌లోనూ డాలస్‌లోనూ కూర్చున్న తెలుగువాళ్ళకు అఫ్గానిస్తాన్ పిల్లల బడి గురించి, ఇరాన్ స్త్రీల గురించి ఇలాంటి విజ్ఞప్తులు వస్తూనే ఉంటాయి. సంతకం పెట్టొద్దని నేననను. ఆ దేశపు స్త్రీల సంస్థ ఏదైనా ఈ విజ్ఞప్తి వెనక ఉందా, కేసు ఏ కోర్టులో ఉందో సరిగ్గా రాశారా, ఎవరిని ఏం చేయమంటున్నారో స్పష్టంగా ఉందా అని చూడండి. లేకపోతే సంతకానికి బదులు అక్కడి న్యాయసహాయ సంస్థకు కొంత డబ్బు పంపండి. బావోబాబ్ అడిగిందీ అదే.

మనకు సంబంధించిన ఉత్తరం ఒకటి ఇంకా మిగిలే ఉంది. స్త్రీల పట్ల వివక్షను తొలగించే ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారతదేశం 1993లో ఆమోదించింది. సొంత దేశంలో న్యాయం దొరకని స్త్రీ నేరుగా ఆ ఒప్పందం కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే ఐచ్ఛిక ప్రోటోకాల్ 1999లో వచ్చింది. నైజీరియా దానిలో 2004లో చేరింది. భారతదేశం ఇప్పటికీ చేరలేదు. ఆఫ్రికాకు బంజుల్‌లో కమిషన్ ఉంది, ఆసియా ఖండానికంతటికీ అలాంటిది లేదు. ఆ ఇథియోపియా పిల్లకు పద్నాలుగేళ్ళ తర్వాతైనా న్యాయం చెప్పిన లాంటి గడప, కర్నూలులోనో ఆదిలాబాద్‌లోనో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిన ఒక అమ్మాయికి లేదు. ఆ ప్రోటోకాల్‌లో చేరమని మన పార్లమెంటు సభ్యులకూ, ఢిల్లీలోని విదేశాంగ శాఖకూ రాయండి.